తాడు లాగేశాక వెనక్కి దారి లేదు

(తెలుగు మిత్రుల శనివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈరోజు నన్ను ఎందుకు మాట్లాడమన్నారో ముందు చెబుతాను. మన పిల్లలు ఐదారుగురు కలిసి యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్కులో "సబ్‌వే" అనే కేనియన్‌ని, అంటే ఇరుకు రాతి గండిని, పైనుంచి దిగాలని అనుకుంటున్నారు. ఫోనుల్లో వీడియోలు చూశారు. సొరంగంలా గుండ్రంగా వంగిన రాతి గోడలు, అడుగున పచ్చటి నీటి మడుగులు. ఎవరికైనా వెళ్ళాలనిపిస్తుంది. వాళ్ళలో ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది, "ఆంటీ, మీరు చాలా కేనియన్లు దిగారట కదా, దిగడం కష్టమా?" అని.

దిగడం కష్టం కాదమ్మా. బరువు మనల్ని కిందికే లాగుతుంది కదా, దిగిపోతాం. మధ్యలో వద్దనుకుంటే ఏమిటన్నదే అసలు సంగతి. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గండికోట మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు. ఆ గండి వల్లే ఆ కోటకు ఆ పేరు. అంచున నిలబడితే గుండె ఝల్లుమంటుంది గానీ, కింద నదికి చోటుంది, ఒడ్డుంది. స్లాట్ కేనియన్ అన్నా గండే, కాకపోతే సన్నది. పైనుంచి చూస్తే ఎండాకాలం చెరువు అడుగున నెర్రె విచ్చినట్టు ఉంటుంది. లోపల కొన్ని చోట్ల చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. కొన్ని చోట్ల పక్కకు తిరిగి, వీపు మీది సంచి తీసి చేత్తో పట్టుకుంటే గానీ మనిషి పట్టడు. తలెత్తి చూస్తే ఆకాశం రిబ్బన్ ముక్కంత కనిపిస్తుంది.

జయాన్‌లో ఆ గోడలు నవాహో ఇసుకరాయి. సుమారు 18, 19 కోట్ల ఏళ్ళ కిందట అదంతా ఎడారి. గాలి పేర్చిన ఇసుక దిబ్బలు అణిగి అణిగి రాయయ్యాయి. కొన్ని చోట్ల ఆ రాయి మందం 2,000 అడుగుల దాకా ఉంటుంది. గోడల మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి, అవి ఆనాటి దిబ్బల వాలు. వేలితో రాస్తే ఇప్పటికీ ఇసుక రాలుతుంది. ఇంత మెత్తటి రాయిని వరద నీరు, ఆ నీటిలోని ఇసుక కలిసి కోశాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ ఇక్కడికే వస్తాను. మనం ఎంతో ముచ్చటపడే ఆ నునుపు, ఆ మెలికలు అన్నీ వరద చేసిన పనే.

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గరకొచ్చేసరికి ఆయాసం వస్తుంది. కూర్చుంటాం, మజ్జిగ తాగుతాం, మరీ చేతకాకపోతే వెనక్కి దిగొచ్చేస్తాం. కొండ ఏదైనా అంతే. కష్టమంతా ఎక్కేటప్పుడే, తిరుగు దారి ఎప్పుడూ వీపు వెనకాలే ఉంటుంది. కేనియన్‌లో ఇది తలకిందులు. ఎందుకో తెలియాలంటే తాడు పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి.

దిగుడు మొదలయ్యే చోట ఒక యాంకర్ ఉంటుంది. అంటే గోడలో దిగ్గొట్టిన బోల్టులు, లేదా చెట్టుకో, ఇరుక్కుపోయిన బండకో చుట్టిన వెబ్బింగ్. మన నవారు మంచం నవారు లేదూ, అలాంటి పట్టీయే, నైలాన్‌ది. దానికో ఇనుప రింగు ఉంటుంది. ఆ రింగులోంచి తాడు దూర్చి, ఒక్కొక్కరం నడుముకు కట్టుకున్న హార్నెస్ అనే పట్టీకి, తాడు దూర్చే లోహపు డివైసు తగిలించి, తాడుకు పుట్టే రాపిడితో మెల్లగా దిగుతాం. దీన్నే రాపెల్ అంటారు. అందరూ దిగాక కింద నుంచి ఒక కొస పట్టి లాగితే తాడు రింగులోంచి జారి కిందికి వచ్చేస్తుంది. తర్వాతి దిగుడుకు కావాల్సింది ఆ తాడే కాబట్టి లాగక తప్పదు.

ఆ తాడు చివర రింగులోంచి జారి, గోడ వెంట కొట్టుకుంటూ వచ్చి నీళ్ళలో పడ్డప్పుడు తప్పున ఒక చప్పుడవుతుంది. ఇన్నేళ్ళు తిరిగినా ఆ చప్పుడు వినగానే నేను ఒక్క క్షణం మాట్లాడను. వెనక అరవై అడుగుల నున్నటి గోడ, పట్టుకోవడానికి గోరంత పగులు లేదు. చలేసినా, కాలు మడతపడినా, పైన ఉరిమినా ఇక ముందుకే పోవాలి.

పైన్ క్రీక్ అని జయాన్‌లోనే ఇంకో కేనియన్ ఉంది. చాలామంది అక్కడే ఈ విద్య మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. తూర్పు గేటు నుంచి వచ్చే రోడ్డులో 1930లో పూర్తయిన సొరంగం ఉంది, 1.1 మైళ్ళ పొడవు. దాని తూర్పు మూతి పక్కన కారు పెట్టి, వంతెన కిందికి దిగితే చాలు, కేనియన్ అక్కడే మొదలు. సొరంగానికి మధ్యమధ్య కిటికీలుంటాయి, అవి ఈ గండిలోకే తెరుచుకుంటాయి. పైన కార్లలో జనం ఏసీ వేసుకుని పోతుంటారు. కింద అదే రాతిలో మనం మెడలోతు చన్నీళ్ళలో ఉంటాం.

ఈ కేనియన్లకు ఒక కొలత చెబుతారు. పైన్ క్రీక్‌ది 3బి, గ్రేడ్ 3. మొదటి అంకె తాడు పని ఎంతుందో, అక్షరం నీళ్ళెలా ఉంటాయో, చివరిది ఎంత సేపు పడుతుందో చెబుతుంది. ఏ అంటే దాదాపు పొడి. బి అంటే నిలవ నీళ్ళు, ఈదాలి. సి అంటే పారే నీళ్ళు, జలపాతం కింద దిగాల్సి రావచ్చు. సి జోలికి తొలి రెండు మూడేళ్ళు పోవద్దండి. అది వేరే విద్య, ఇవాళ దాని గురించి చెప్పను.

నాకు ఈత బావిలోనే వచ్చింది. నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి మా నాన్న తోసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బావి నీళ్ళు ఎంత హాయిగా ఉండేవో! అందుకే "నీళ్ళు నాకేం కొత్త?" అనుకునేదాన్ని. కేనియన్ నీళ్ళు ఆ నీళ్ళు కావు. ఆ మడుగులకు ఏడాది పొడుగునా ఎండ తగలదు. బయట రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేనంత వేడి ఉన్నప్పుడు కూడా లోపల నీళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. గాలిలో కంటే నీళ్ళలో ఒంటి వేడి పాతిక రెట్లు వేగంగా పోతుందంటారు. ఇది పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. మా అక్క కొడుకు ముఖం చూశాక ఎక్కింది.

ఆరేడేళ్ళ కిందటి మాట, సెప్టెంబరు చివర. పైన్ క్రీక్‌కి నలుగురం వెళ్ళాం. నేను, మా తమ్ముడు, ఒక స్నేహితురాలు, మా అక్క కొడుకు. వాడు అప్పుడే ఎమ్మెస్‌కి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఒంట్లో గుప్పెడు కొవ్వు లేదు. మా ముగ్గురికీ నిండు వెట్‌సూట్లున్నాయి, అంటే చన్నీళ్ళలో ఒంటి వేడి పోకుండా ఆపే రబ్బరు దుస్తులు. వాడి కొలతకు దొరకలేదు. మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉండే పల్చటిది దొరికింది. "ఇంత ఎండలో చాల్లే" అన్నాను. ఆ మాట అన్నది నేనే. దారి చూపిస్తానని తీసుకెళ్ళిందీ నేనే.

మొదటి మడుగులో వాడు కేకలు పెట్టాడు, ఈలలు వేశాడు, సంతోషంతోనే. కెథీడ్రల్ అనే చోట గుండ్రటి రాతి గదిలోకి, పైనుంచి పడే వెలుతురులోకి దిగుతాం. వాడు తాడు మీద వేలాడుతూ "చిన్నమ్మా, గుడిలోకి దిగినట్టుంది" అన్నాడు. అంతవరకు అంతా బాగుంది.

ఆ తర్వాత ముందు వెళ్తున్న ఇంకో గుంపు కనబడింది. పదిమంది దాకా ఉన్నారు, కొత్తవాళ్ళు. వాళ్ళొక్కొక్కరూ దిగేదాకా మేం నడుములోతు నీళ్ళలో ఆగాల్సి వచ్చింది. నలభై నిమిషాలు. చలి మనిషిని ఈదేటప్పుడు పట్టుకోదండి, తడిసి ఆగినప్పుడు పట్టుకుంటుంది. ఈదేటప్పుడు ఒళ్ళు పనిచేస్తుంటుంది, వేడి పుడుతుంటుంది. ఆగామా, ఇక అంతే.

వాడు మొదట బాగా వణికాడు. పళ్ళు టకటకలాడుతుంటే నవ్వాడు కూడా. కాసేపటికి వణుకు తగ్గింది. సర్దుకున్నాడులే అనుకున్నా. తర్వాత కారాబినర్, అంటే డివైసును హార్నెస్‌కి తగిలించే లోహపు కొక్కెం, బిగించమన్నాను. దాని గేటుకు ఒక చిన్న మర ఉంటుంది, రెండు వేళ్ళతో తిప్పాలి. వాడి వేళ్ళు దాని మీద జారిపోతున్నాయి. చూస్తున్నాడు, తిప్పుతున్నాననుకుంటున్నాడు, అది తిరగడం లేదు. "ఏం నాయనా, బాగుండావా?" అంటే "బాగుండా చిన్నమ్మా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. మళ్ళీ అడిగాను. అదే మాట, అదే గొంతు, అరిగిన క్యాసెట్‌లా. వణుకు తగ్గడం సర్దుకోవడం కాదు, ఒళ్ళు చేతులెత్తేయడం అని నాకప్పుడు అర్థమైంది.

వాణ్ణి నీళ్ళలోంచి లాగి ఒక రాతి అరుగు మీద కూర్చోబెట్టాం. నీళ్ళు చొరని డ్రై బ్యాగ్‌లో పొడి బట్టలున్నాయి, ఉన్ని టోపీ ఉంది, ఫ్లాస్కులో బెల్లం వేసిన అల్లం టీ ఉంది. నా వెట్‌సూట్ విప్పి వాడికివ్వబోతే మా తమ్ముడు నన్ను గట్టిగా వారించాడు, ఇద్దరు రోగులైతే మోసేదెవరని. పొడి చొక్కా వేసి, పైన జాకెట్ వేసి, నేనూ మా స్నేహితురాలూ చెరో పక్కన ఒత్తుకుని కూర్చున్నాం. టీ గుక్క గుక్కగా తాగించాం. కాస్త తేరుకున్నాక గుంజీలు తీయించాం. పది తీశాక మళ్ళీ వణికాడు. ఆ వణుకు చూసి నాకు ఏడుపొచ్చింది, అంత సంతోషమేసింది.

కానీ ఇంకా ఆఖరి రాపెల్ మిగిలే ఉంది. సుమారు వంద అడుగులు, చాలా భాగం కాళ్ళకు గోడ అందదు, గాలిలో వేలాడుతూ దిగాలి. ఆ వేళ్ళతో వాడు తాడును అదుపు చేయలేడు. యాంకర్ దగ్గర తాడును ముడి వేసి బిగించేయకుండా, అవసరమైతే పైనుంచే వదలగలిగేలా ఫిగర్ ఎయిట్ అనే 8 ఆకారపు లోహపు ముక్కకు చుట్టి పెట్టే పద్ధతి ఒకటుంది. ఎవరైనా మధ్యలో ఇరుక్కుంటే పైవాళ్ళు తాడు వదులుతూ కిందికి దింపేయొచ్చు. మా గురువు ప్రతిసారీ అలాగే కట్టమనేవారు. ఎవరికీ ఏమీ కాని రోజుల్లో అది నాకు చాదస్తంలా అనిపించేది. ఆ రోజు మా తమ్ముడు ముందు దిగి కింద నిలబడ్డాడు. నేను పైనుంచి వాణ్ణి బావిలోకి బిందెను దింపినట్టు, అంగుళం అంగుళం దింపాను. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిందినుంచి రెండు ఈలలు వినిపించాయి. రెండంటే అందాడని మేం ముందే పెట్టుకున్న గుర్తు. ఇరుకు గండిలో అరిస్తే మాట తెలియదు, గోడలు దాన్ని నమిలేస్తాయి. ఈలే నయం.

ఆ తర్వాత బండల మీదుగా రోడ్డు దాకా నడక. ఎండ తగిలిన తొలి రాయి మీద వాడు బోర్లా పడుకుని, చెంప ఆనించి చాలాసేపు లేవలేదు.

తాళ్ళ గురించి ఇంకొక్క మాట. కొండ మీద రాపెల్ నేర్చుకున్నవాళ్ళకు తాడు చివర ముడి వేయమని చెబుతారు, చివర జారిపోకుండా. పొడి చోట అది మంచి అలవాటే. కానీ దిగేది మడుగులోకైతే, అందులోనూ నీళ్ళు పారుతుంటే, ఆ ముడి దగ్గరే డివైసు ఇరుక్కుని మనిషి నీళ్ళలో కట్టుబడిపోతాడు. నీళ్ళలోకి దిగేటప్పుడు తాడు కొస సరిగ్గా నీటి మట్టానికి వచ్చేలా కొలిచి పెట్టుకుంటాం. దిగేవాళ్ళు నీళ్ళకు తగలగానే తాడు డివైసులోంచి దానంతటదే జారిపోవాలి, వాళ్ళు ఈదుకుంటూ పోవాలి. తాడు ఎక్కువైతే నీళ్ళలో చుట్టలు చుట్టలుగా తేలుతూ కాళ్ళకు చుట్టుకుంటుంది. ఇంకోటి, బావిలో దూకినట్టు మడుగుల్లో దూకకండి. పోయిన నెల పదడుగుల లోతున్న మడుగు ఒక్క వానకు ఇసుకతో పూడి మోకాళ్ళ లోతుకు వస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ముందు ఒకరు మెల్లగా దిగి కాళ్ళతో తడిమి చూడాలి.

ఇప్పుడు వరద సంగతి.

మనకు క్యూసెక్కులు కొత్త కాదు. వానాకాలం వస్తే శ్రీశైలానికి ఇన్ని లక్షల క్యూసెక్కులు, సాగర్ గేట్లెత్తారు అని రోజూ పేపర్లో చదువుతూ పెరిగాం. లక్షలు విన్న చెవికి వందలు ఆనవు. జయాన్‌లో వర్జిన్ నది ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే నారోస్ అనే నడక దారిని మూసేస్తారు. నూటయాభై! మొదటిసారి విన్నప్పుడు పంట కాలువంత కూడా లేదే అనుకున్నాను. 2015 సెప్టెంబరు 14న అదే నదిలో 55 క్యూసెక్కులు పారుతున్నాయి. పదిహేను నిమిషాల్లో 2,630 అయ్యాయి.

ఆ రోజు కీహోల్ అనే చిన్న కేనియన్‌లో ఏడుగురు ఉన్నారు. మూడు చిన్న రాపెల్‌లు, కాస్త ఈత, రెండు మూడు గంటల్లో అయిపోయేది. పిల్లలు కాదు, నడివయసు వాళ్ళు. పొద్దున పర్మిట్ తీసుకున్నారు. వరద సూచనలో ఆ రోజు "రావచ్చు" కాదు, అంతకంటే ఒక మెట్టు పైన, "వచ్చే అవకాశం ఎక్కువ" అని ఉంది. వరద వచ్చింది. ఏడుగురూ పోయారు. అదే మధ్యాహ్నం అక్కడికి దూరంలో లేని హిల్డేల్ ఊళ్ళో రెండు బళ్ళలో ఉన్న తల్లులు, పిల్లలు, 13 మంది కొట్టుకుపోయి చనిపోయారు.

ఆ ఏడుగురిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అంతకు ముందు అలాంటి సూచన ఉన్న రోజున నేనూ వెళ్ళాను, వాన పడలేదు, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. వాళ్ళకూ నాకూ మధ్య తేడా తెలివి కాదు, ఆ రోజు మబ్బు ఎటు పోయిందన్నదే. ఆ వార్త చదివిన రాత్రి నా పాత ఫోటోలన్నీ తీసి, తేదీలు చూసుకుంటూ కూర్చున్నాను.

మీలో సగం మంది యాంటిలోప్ కేనియన్ వెళ్ళుంటారు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే గ్రాండ్ కేనియన్‌తో పాటు అదీ చూపిస్తాం. 1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్‌లో 11 మంది యాత్రికులు వరదలో చనిపోయారు. వాళ్ళున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు. పడింది మైళ్ళ దూరంలో, ఎగువన. అక్కడి నేలంతా నున్నటి రాయి, గట్టి మన్ను. మన నల్లరేగడిలా తాగదు. పడ్డ చినుకు పడ్డట్టే జారి పగులు వెతుక్కుంటుంది. ఆ పగుల్లో మనం ఉంటాం. లోపల ఉన్నవాళ్ళకు కనిపించేది తల మీది రిబ్బన్ ముక్క ఆకాశమే. అది నీలంగానే ఉంటుంది.

అందుకే నేను ఎక్కువగా నమ్మేది కారు దగ్గర తీసుకునే నిర్ణయాన్ని. లోపల ధైర్యం చూపించడానికి పెద్దగా చోటు లేదు, లోపల ఉన్నది పని మాత్రమే. ఇండియా నుంచి వచ్చినవాళ్ళుంటారు, ఎప్పుడో ముందే లాటరీలో పర్మిట్ దొరికి ఉంటుంది, ఆరు గంటలు డ్రైవ్ చేసి ఉంటాం, సెలవు మళ్ళీ దొరకదు. ఇవన్నీ కలిసి మనల్ని లోపలికి తోస్తాయి. పార్కు వాళ్ళు ప్రతిచోటా రాసి పెడతారు, మీ భద్రత మీ బాధ్యత అని. పర్మిట్ చేతికొస్తే ఎవరో మన తరఫున ఆలోచించారనుకుంటాం. ఎవరూ ఆలోచించలేదు. ఆ కాగితం అర్థం గుంపులో ఇంతమందే వెళ్ళాలని, అంతే.

మా అక్క కొడుకు విషయంలోనూ వరద రాలేదు, మబ్బు లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. అయినా ఆ రోజు తప్పు జరిగింది సొరంగం పక్కన కారు డిక్కీ దగ్గరే, వాడి చేతికి ఆ పల్చటి సూట్ ఇచ్చినప్పుడే. అప్పుడే "వద్దులే నాయనా, నీ కొలతకు దొరికాక వద్దాం" అని ఉంటే సరిపోయేది.

తర్వాతి ఏడాది వాడే అడిగాడు మళ్ళీ వెళ్దామని. ఈసారి నిండు సూట్ కొనుక్కున్నాడు, నాలుగు మిల్లీమీటర్లది. పొద్దున్నే కారు దిగి తాళ్ళు తీస్తున్నాం. తూర్పున దూరంగా, బండల వెనక, తెల్లటి మబ్బు ఒకటి గోపురంలా లేస్తోంది. మా నెత్తిన ఎండ. సూచనలో "రావచ్చు" అని మాత్రమే ఉంది. పక్కన ఇంకో గుంపు హార్నెస్‌లు బిగించుకుంటున్నారు. నేనింకా ఏమీ అనలేదు. వాడే తాడు సంచి డిక్కీలో పెట్టేసి, "చిన్నమ్మా, స్ప్రింగ్‌డేల్ పోయి కాఫీ తాగుదామా?" అన్నాడు. ఆ రోజు వాన పడలేదు. రెండు వారాల తర్వాత వచ్చి దిగాం.

సబ్‌వేకి వెళ్తామన్న పిల్లలు ముందు వరసలోనే ఉన్నారు. వద్దని చెప్పడానికి రాలేదమ్మా, వెళ్ళండి. కింది నుంచి నడుచుకుంటూ వెళ్ళే దారి కూడా ఉంది, దానికీ పర్మిట్ కావాలి గానీ తాడు అక్కర్లేదు. ముందు అలా చూసి రండి. పైనుంచి దిగేది ఈ చలికాలమంతా నాతో ప్రాక్టీస్ చేశాకే. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి బయటపడతారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి.

వెనక బల్ల మీద సామాను పెట్టాను. హార్నెస్, డివైసులు, వెబ్బింగ్, ఈల. ఒకే రకం తాళ్ళు రెండున్నాయి, ఒక్కోటి 200 అడుగులు. ఒకటి పొడిది, ఒకటి రాత్రంతా బకెట్లో నానబెట్టి తెచ్చాను. రండి, రెండూ చేత్తో ఎత్తి చూడండి. తర్వాత తడి తాడును పిడికిట్లో పట్టుకోండి, నేను రెండో కొస పట్టి లాగుతాను, ఎలా జారుతుందో తెలుస్తుంది.